పదహారణాల సుఖం: రిటైరైన ఇంట్లో ధమ్మం



ఈ పాఠం ముఖ్యంగా ఉద్యోగం నుంచి రిటైరైన పెద్దల కోసం. అలాంటి పెద్దలు ఇంట్లో ఉన్న కొడుకులు, కోడళ్ళు, కూతుళ్ళు, అల్లుళ్ళు కూడా చదవాలి. చదవడం రాని అవ్వ ఉంటే పక్కన కూర్చుని చదివి వినిపించండి.

విహారానికి వచ్చే పెద్దల నోట ఒక మాట తరచుగా వింటుంటాం. "ఇంకేముంది, పొద్దున టీ, పేపరు, సాయంత్రం మనవరాలితో ఆట, మధ్యలో ఒక కునుకు. ధమ్మం ఆచరించేవాళ్ళ బతుకు ఇలా ఉంటుందా?" అంటారు. ఇంకొందరికి ఇంకో సందేహం. ఆదివారం మంచి కూర వండుకుంటే ఇష్టంగా తింటాం, మనవడు "తాతా" అంటే మురిసిపోతాం, ఇదంతా తృష్ణే కదా, దుఃఖానికి మూలం తృష్ణే కదా, మరి మేం తప్పు చేస్తున్నామా అని.

తప్పు చెయ్యడం లేదు. మీ ఇంట్లో ఉన్న ఈ చిన్న చిన్న సుఖాలు ధమ్మానికి అడ్డం కావు. అయితే ఒక షరతు ఉంది. అవి న్యాయంగా వచ్చినవై ఉండాలి, ఆ ఇంట్లోనే ఇంకొకరి నడుం విరిచి వచ్చినవి కాకూడదు. ఈ పాఠంలో మనం నేర్చుకోవలసింది ఆ షరతే.

మన తాతలకు రిటైర్‌మెంట్ లేదు

ముందు ఒక్క సంగతి గుర్తు చేసుకోండి. మీ తాత ఏ వయసులో పని మానేశారు? పాలేరుగా ఉన్నవాడు, చెప్పులు కుట్టినవాడు, వెట్టికి పోయినవాడు, నాట్లకూ కోతలకూ పోయిన అవ్వ, వీళ్ళకు పని మానేసే రోజంటూ లేదు. చెయ్యి లేవనప్పుడే పని ఆగేది. పని ఆగిన రోజు నుంచి కూడు కూడా ఆగేది. 'పదవీ విరమణ' అనే మాట ఊళ్ళో ఉందేమో గానీ వాడలో లేదు. పదవి ఉంటే కదా విరమణ! నాలుగు ఆశ్రమాలు చెప్పిన శాస్త్రాలు కూడా ఆ ఏర్పాటు ద్విజులకే చేశాయి. సేవ చెయ్యడమే నీ ధర్మం అని ఎవరికి రాసిపెట్టారో, వాళ్ళకు ముసలితనంలో కూడా సేవే.

బాబాసాహెబ్ ఇంటి సంగతే చూడండి. ఆయన తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదార్. మౌ అనే ఊళ్ళో సైనిక పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడిగా చేశారు. బాబాసాహెబ్ 1891లో పుట్టింది అక్కడే. పిల్లవాడు బాగా చిన్నగా ఉండగానే రాంజీ రిటైరయ్యారు. పెన్షన్ వచ్చింది. విశ్రాంతి మాత్రం రాలేదు. సంసారం పెద్దది, అందుకని మళ్ళీ ఉద్యోగంలో చేరారు. 1901లో ఆయన గోరెగావ్‌లో క్యాషియర్. కరువు పనుల కింద అక్కడ చెరువు తవ్విస్తున్నారు. ఆ వేసవిలో తండ్రి దగ్గరకు బయల్దేరిన పిల్లలు దారిలో బండి కోసం, గుక్కెడు నీళ్ళ కోసం పడిన అవస్థను బాబాసాహెబ్ తన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాశారు. ఆ తర్వాత బొంబాయిలోని పరేల్‌లో ఒక్క గదిలో కాపురం. కొడుకును పెందలాడే పడుకోబెట్టి, తెల్లవారుజామున రెండు గంటలకు లేపి చదివించిన తండ్రి ఆయన. కొడుకు పుస్తకం అడిగితే, చేతిలో డబ్బు లేకపోతే, పెళ్ళైన కూతుళ్ళ దగ్గర నగ అడిగి తెచ్చి కుదువపెట్టి కొనేవారు. పెన్షన్ రాగానే విడిపించి ఇచ్చేవారు.

అంటే ఒక రిటైరైన తండ్రి పెన్షన్, నగలు ఇచ్చిన ఇద్దరు అక్కల మంచితనం కలిసి మన రాజ్యాంగ నిర్మాత చదువైంది. ఆ చదువు రిజర్వేషన్ అయింది. ఆ రిజర్వేషన్ మీ ఉద్యోగమైంది. ఆ ఉద్యోగం ఇవాళ మీ మధ్యాహ్నం కునుకైంది. ఇక బాబాసాహెబ్‌కు రిటైర్‌మెంటే లేదు. 1956 డిసెంబర్ 5 రాత్రి కూడా 'బుద్ధుడు - ఆయన ధమ్మం' ముందుమాట కాగితాలు దగ్గర పెట్టుకున్నారు. తెల్లారేసరికి లేరు. ఆయనకు దక్కని తీరిక మీకు దక్కింది. కాబట్టి 'ఇంకేముంది' అనకండి. మన వంశాల్లో ఈ తీరిక చూసిన మొదటి తరం మీది.

అనాథపిండికుడికి చెప్పిన నాలుగు సుఖాలు

బుద్ధుడు సంసారులను సంసారం వదిలి రమ్మని మాత్రమే చెప్పాడనుకోవడం పొరపాటు. బాబాసాహెబ్ తన గ్రంథంలో ఉపాసకుల వినయం కోసం ఒక భాగమే పెట్టారు. ధనికులు, గృహస్థులు, పిల్లలు, భార్యాభర్తలు ఎలా నడుచుకోవాలో అందులో ఉంది.

శ్రావస్తిలో అనాథపిండికుడనే ఉపాసకుడు ఉండేవాడు. జేతవన విహారం కట్టించినవాడు ఆయనే. వ్యాపారం, ఇల్లు, పిల్లలు, కోడళ్ళు ఉన్న సంసారి. ఇంట్లో ఉండేవాడికి దక్కే సుఖాలు నాలుగని బుద్ధుడు ఆయనకు వివరించాడు. అంగుత్తర నికాయంలో ఉన్న సుత్తం ఇది. పాళీ పేర్లు గుర్తుపెట్టుకోండి.

మొదటిది అత్థిసుఖం. కష్టపడి, చెమటోడ్చి, న్యాయంగా సంపాదించినది నా దగ్గర ఉంది అనే సుఖం.
రెండోది భోగసుఖం. ఆ సంపాదనను తాను అనుభవిస్తూ, దానితో మంచి పనులు చేస్తూ పొందే సుఖం.
మూడోది అనణసుఖం. చిన్నదో పెద్దదో, ఎవరికీ అప్పు లేననే సుఖం.
నాలుగోది అనవజ్జసుఖం. శరీరంతో, మాటతో, మనసుతో నింద పడే పని చెయ్యలేదనే సుఖం.

చివర ఒక తూకం కూడా వేశాడు. మొదటి మూడు సుఖాలూ కలిపినా నాలుగోదానిలో పదహారో వంతుకు సరిపోవని చెప్పాడు. మన పెద్దలకు ఈ లెక్క సులువుగా అర్థమవుతుంది. 1957కు ముందు రూపాయికి పదహారు అణాలు. నింద లేని బతుకు నిండు రూపాయి అయితే, మిగతా మూడు సుఖాలూ కలిసి ఒక్క అణా కూడా కావు. అణా అక్కర్లేదని ఆయన అనలేదు. అదీ సుఖమేనన్నాడు. మిగతా పదిహేను అణాల సంగతి మర్చిపోవద్దన్నాడు, అంతే. ఈ నాలుగింటినీ ఒక్కొక్కటిగా మన ఇంట్లోకి తెచ్చి చూద్దాం.

అత్థిసుఖం: ఉందనే ధీమా

నెల మొదట్లో ఫోనుకు పెన్షన్ పడిన మెసేజ్ వస్తుంది. కళ్ళజోడు వెతుక్కుని రెండుసార్లు చదువుకుంటారు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. గ్యాంగ్‌మన్‌గా పట్టాల మీద, కండక్టర్‌గా బస్సులో, అటెండర్‌గా ఆఫీసులో, టీచర్‌గా బడిలో మీరు పోసిన చెమట అది.

దీనితో వచ్చే చిన్న చికాకులూ ఉన్నాయి. ఏడాదికోసారి బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. యంత్రం మీద వేలు పెడితే ముద్ర పడదు. పనిచేసి పనిచేసి వేళ్ళ గీతలు అరిగిపోయాయి మరి. అక్కడ కుర్రాడు విసుక్కుంటాడు. మీరూ విసుక్కోకండి. 2021 నుంచి ఫోన్‌లో ముఖం చూపించి కూడా జీవన్ ప్రమాణ్ పత్రం ఇచ్చే వీలు వచ్చింది. మనవడినో మనవరాలినో పక్కన కూర్చోబెట్టుకుంటే ఇంట్లోనే పని అయిపోతుంది. అరిగిన వేళ్ళ కథ కూడా ఆ పిల్లలకు అప్పుడే చెప్పండి.

పెద్ద చికాకు ఇంకోటుంది. రిటైరైన రోజు వచ్చిన డబ్బు మీద అందరి కళ్ళూ పడతాయి. ఇల్లు రాసివ్వమని, స్థలం రాసివ్వమని పిల్లలు అడుగుతారు. బుద్ధుడి కాలంలోనూ ఇదే ఉంది. శ్రావస్తిలో బాగా ఉన్నవాడైన ఒక ముసలి బ్రాహ్మణుణ్ణి నలుగురు కొడుకులూ బయటకు పంపేశారు. చిరిగిన బట్టలతో వచ్చి బుద్ధుడి దగ్గర మొర పెట్టుకున్నాడు. నలుగురూ కూడిన సభలో, కొడుకులు కూడా ఉండగా చెప్పమని బుద్ధుడు ఆయనకు కొన్ని మాటలు నేర్పాడు. వాటి సారం ఏమిటంటే, మాట వినని కొడుకుల కన్నా చేతికర్ర నయం, అది కుక్కను అదిలిస్తుంది, చీకట్లో దారి చూపుతుంది అని. ఆ కొడుకులు సిగ్గుపడి తండ్రిని ఇంటికి తీసుకెళ్ళారు.

చూడండి, బుద్ధుడు ఆ ముసలాయనను 'నీ కర్మ' అని పంపెయ్యలేదు. నలుగురిలో నిలబడి న్యాయం అడగమన్నాడు. ఇవాళ అడగడానికి చట్టం కూడా ఉంది. తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పోషణ కోసం ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు. వకీలు అక్కర్లేదు. ఆ చట్టంలో 23వ సెక్షన్ మనవాళ్ళంతా తెలుసుకోవాలి. మమ్మల్ని చూసుకోవాలనే షరతుతో ఆస్తి రాసిచ్చి, తీసుకున్నవాళ్ళు చూడకపోతే ఆ దస్తావేజును రద్దు చేయించుకోవచ్చు. కాబట్టి పిల్లలకు గిఫ్ట్ రాసిచ్చేటప్పుడు ఆ షరతు దస్తావేజులోనే స్పష్టంగా రాయించండి. ఇది పిల్లల మీద అనుమానం కాదు. అప్రమాదం, అంటే ఏమరుపాటు లేకపోవడం. అదీ ధమ్మమే.

భోగసుఖం: అనుభవించడం, పంచుకోవడం

మనలో కొంతమంది పెద్దలు జీవితమంతా పొదుపు చేసి చేసి, ఇప్పుడు ఉండి కూడా తినలేరు. బనియన్‌కు చిల్లులు పడినా కొత్తది కొనరు. ఫ్యాన్ ఆపేసి చెమటలో కూర్చుంటారు. పండు కొని, మనవడు వస్తాడని దాచి, కుళ్ళిపోయాక పారేస్తారు. కారణం తెలుసు. ఆకలి చూసినవాళ్ళు వాళ్ళు. కానీ న్యాయంగా వచ్చినదాన్ని అనుభవించడం కూడా సుఖమేనని బుద్ధుడే చెప్పాడు కదా. ఒళ్ళు కాల్చుకునే తపస్సునూ, ఒళ్ళు మరిచే భోగాన్నీ రెండింటినీ కాదన్నదే మధ్యమ మార్గం.

పెరట్లో నాలుగు గోంగూర మొక్కలు, ఒక కరివేపాకు చెట్టు పెంచండి. అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ పాత స్నేహితుడితో కబుర్లు చెప్పుకోండి. మనవరాలికి అక్షరాలు దిద్దించండి. ఇవన్నీ భోగసుఖంలోకే వస్తాయి. పైసా ఖర్చు లేనివి కూడా ఉన్నాయి వీటిలో.

అయితే ఈ సుఖంలో రెండో సగం ఉంది, దానం. దానం అంటే కోటీశ్వరుల పని అనుకోకండి. మన అమరావతి స్తూపం దగ్గర దొరికిన శాసనాల్లో ఒకటి విధికుడనే చర్మకారుడిది. నాగ అనే ఉపాధ్యాయుడి కొడుకు ఆయన. పూర్ణఘటం చెక్కిన రాతిఫలకాన్ని స్తూపానికి దానమిచ్చాడు. ఒక్కడే ఇవ్వలేదు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్ళతో, చుట్టాలతో కలిసి ఇస్తున్నానని రాయించాడు. ఆలోచించండి. సుమారు పద్దెనిమిది వందల ఏళ్ళ కిందట మన కృష్ణా ఒడ్డున తోలుపని చేసే ఇంటివాళ్ళకు ఒక ఉపాధ్యాయుడైన పెద్దాయన ఉన్నాడు, దానం ఇచ్చే శక్తి ఉంది, ఆ దానంలో ఆడవాళ్ళ పేరు చెప్పే సంస్కారం ఉంది. ఇవాళ ఆంధ్రప్రదేశ్ రాజముద్ర నడుమ కనిపించేది కూడా పూర్ణఘటమే.

మీ పెన్షన్‌లోంచి వాడలో ఒక పిల్లకు పరీక్ష ఫీజు కట్టండి. విహారంలో సాయంత్రం గంటసేపు లెక్కలు చెప్పండి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ దరఖాస్తులు చూసినవాళ్ళు కదా, చదువురాని వితంతువు పెన్షన్ దరఖాస్తు మీరు నింపి పెట్టండి. మీ దగ్గర ఇప్పుడు డబ్బు కన్నా ఎక్కువ ఉన్నది తీరిక. అదే దానం చెయ్యండి. ఇంట్లోవాళ్ళతో కలిసి చెయ్యండి, విధికుడి లాగా.

అనణసుఖం: అప్పు లేకుండా నిద్రపోవడం

రిటైరైనప్పుడు గ్రాట్యుటీ వస్తుంది. పెన్షన్‌లో 40 శాతం వరకూ కమ్యుటేషన్ చేసుకుంటే ఆ డబ్బూ ఒకేసారి వస్తుంది. తగ్గిన పెన్షన్ మళ్ళీ పూర్తిగా రావాలంటే 15 ఏళ్ళు ఆగాలి. ఈ డబ్బు చేతికొచ్చిన ఆరు నెలల్లో ఎలా పోతుందో మనందరం చూశాం. సగం పిల్లల పెళ్ళిళ్ళ అప్పులకు పోతుంది. మిగిలిన సగం ఎక్కడికి పోతుంది?

ఇక్కడ కాస్త గట్టిగా మాట్లాడుకోవాలి. అరవయ్యేళ్ళు నిండాయని షష్టిపూర్తి చెయ్యమంటారు. కాలనీలో అందరూ చేశారు, మనం చెయ్యకపోతే ఏమనుకుంటారు అంటారు. కొత్త ఇల్లు కడితే వాస్తు బాలేదని వంటగది గోడ పగలగొట్టమంటారు. గృహప్రవేశానికి వ్రతం, హోమం అంటారు. మీరు 22 ప్రతిజ్ఞలు చేసినవాళ్ళు. బ్రాహ్మణులతో ఎలాంటి కర్మకాండా చేయించనని 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ లక్షల మంది చేత చెప్పించిన మాట, మీరూ చెప్పారు. ఉద్యోగంలో ఉన్నప్పుడు నిలబెట్టుకున్న మాటను, రిటైరయ్యాక పక్కింటివాళ్ళు ఏమనుకుంటారో అని వదిలేస్తారా? అదీ అప్పు చేసి?

ఇంటికి చేరే రోజు త్రిశరణం, పంచశీల చెప్పుకోండి. బంధువులకు భోజనం పెట్టండి. అరవయ్యో ఏట ఇంట్లోనే మనవలతో కూర్చుని, ఏ ఊరి నుంచి ఎలా వచ్చారో చెప్పండి. దానికి అప్పు చెయ్యక్కర్లేదు. దరిద్రం, అప్పు, వడ్డీ, అప్పులవాడి వెంటబడడం, ఇవన్నీ లోకంలో దుఃఖాలేనని బుద్ధుడు వరుసగా చెప్పాడు. మన తాతలను పాలేర్లను చేసింది ఏమిటి? పెళ్ళికో చావుకో తెచ్చిన అప్పే కదా. ఆ గొలుసు మీ తరంలో తెగింది. మళ్ళీ మీరే తగిలించుకోవద్దు.

ఎవరి అప్పుకైనా జామీను సంతకం పెట్టేముందు ఒక రాత్రి ఆగండి. ఇంటావిడతో మాట్లాడండి. మొహమాటం శీలం కాదు.

అనవజ్జసుఖం: మిగతా పదిహేను అణాలు

ఇక అసలు సంగతి. ఒక ప్రశ్న అడుగుతాను. ఆయన రిటైరయ్యారు సరే, ఇంటావిడ రిటైర్‌మెంట్ ఎప్పుడు?

ప్రభుత్వం రిటైర్‌మెంట్ వయసు పెంచుతూ వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60 చేశారు, 2022 నుంచి 62. తెలంగాణలో 2021లో 61 చేశారు. వంటింట్లో ఉన్నామెకు ఏ జీవో రాలేదు. పైగా ఆయన రిటైరైన రోజు నుంచి ఆమెకు పని పెరిగింది. ఇదివరకు తొమ్మిదింటికి ఆయన వెళ్ళిపోతే, మధ్యాహ్నం రెండు గంటలు ఆమె సొంతం. పక్కింటామెతో మాట, ఒక కునుకు, నచ్చిన సీరియల్. ఇప్పుడు ఆరింటికి టీ, ఎనిమిదింటికి టీ, పదకొండింటికి "కాస్త టీ పెడతావా?" రిమోట్ ఆయన చేతిలో. కందిపప్పు డబ్బా ఇక్కడెందుకు పెట్టావు, గ్యాస్ అప్పుడే అయిపోయిందేమిటి అని ముప్పయ్యేళ్ళలో లేని తనిఖీ మొదలైంది. ఆఫీసు పోయింది గానీ ఆఫీసర్ మిగిలాడు.

గోడ మీద బుద్ధుడి పటం, బాబాసాహెబ్ పటం. వాటి కింద కుర్చీలో కూర్చుని గ్లాసుడు మంచినీళ్ళకు లోపలికి కేకెయ్యడం. హిందూ కోడ్ బిల్లు ముందుకు సాగనివ్వలేదని 1951లో మంత్రి పదవినే వదిలేసిన మనిషి పటం అది. ఆడదానికి బాల్యంలో తండ్రి, యౌవనంలో భర్త, ముసలితనంలో కొడుకు కాపలా అని చెప్పిన మనువు పుస్తకాన్ని 1927లో మహద్‌లో తగలబెట్టించిన మనిషి పటం అది. కిందనున్న కుర్చీలో మాత్రం మనువు కూర్చుంటే ఏం లాభం?

సిగాలోవాద సుత్తంలో భర్త భార్యకు చెయ్యవలసినవి అయిదు చెప్పారు. గౌరవించడం, కించపరచకపోవడం, నమ్మకద్రోహం చెయ్యకపోవడం, ఇంటి అధికారం ఆమెకు అప్పగించడం, ఆమెకు కావలసిన నగలూ అలంకారాలూ అమర్చడం. ఈ అయిదింటిలో నాలుగోది రిటైరైన మగవాళ్ళు రోజూ మననం చేసుకోవలసింది. వంటింటి అధికారం ఆమెదైతే తనిఖీ మానండి. అక్కడ మీరు చెయ్యగలిగింది సాయమే. పొద్దున మొదటి టీ మీరు పెట్టండి. తాగిన గ్లాసు మీరు కడగండి. కూరగాయలు తరగండి. ఆదివారం ఆమె విహారానికి ముందు వెళ్ళనివ్వండి, అన్నం మీరు వార్చండి. మొదట్లో ఉప్పు ఎక్కువవుతుంది, ఫర్వాలేదు, ఆమె తింటుంది. మీరు ఇన్నేళ్ళూ తినలేదా ఏం!

ఉద్యోగం చేసి రిటైరైన అమ్మల సంగతి ఇంకోలా ఉంటుంది. టీచరమ్మో నర్సమ్మో రిటైరైన మర్నాడే మనవడిని చేతికిచ్చి కొడుకూ కోడలూ ఆఫీసుకు వెళ్తారు. మనవడు ముద్దే. కానీ మోకాళ్ళు ఒప్పుకోవాలి కదా. పిల్లలూ, వినండి. అవ్వ జీతం లేని ఆయా కాదు. వారానికి ఒకటి రెండు రోజులు ఆమెకు సెలవు ఇవ్వండి. అడిగి అప్పగించండి, అప్పగించి అడగడం కాదు. కోడలు ఆఫీసు నుంచి వచ్చి మళ్ళీ వంటింట్లో నిలబడుతుంటే, మొగుడు సోఫాలో ఫోన్ చూస్తుంటే, పెద్దలు ఆ కొడుక్కి చెప్పాలి. కోడలి మీద చాడీలు చెప్పడం కూడా వాక్కుతో చేసే తప్పే. పంచశీలలో నాలుగోది అబద్ధం గురించే కావచ్చు, సమ్యక్ వాక్కులో చాడీ, పరుషమైన మాట కూడా వస్తాయి.

మాట గురించి ఇంకొక్కటి. తీరిక ఉంది కదా అని ఫోన్‌కు వచ్చిన ప్రతి సందేశాన్నీ పది గ్రూపులకు పంపుతున్నాం. నిజమో కాదో తెలియని వైద్యం చిట్కా, ఎవరి మీదో బురద. విన్నదాన్ని గుడ్డిగా నమ్మొద్దని కాలాములకు చెప్పిన ధమ్మం మనది. పంపేముందు ఆ మాట గుర్తుకు తెచ్చుకోండి.

రెండో బాణం

ముసలితనంలో ఒళ్ళు నొప్పులు ఎవరికీ తప్పవు. షుగరు, బీపీ, కళ్ళలో శుక్లం, రాత్రి మూడింటికి మెలకువ. బుద్ధుడు దీనికి ఒక పోలిక చెప్పాడు. బాణం తగిలితే నొప్పి పుడుతుంది. అది ఒక్క బాణం. దాని గురించి కుమిలిపోతే రెండో బాణం కూడా పొడుచుకున్నట్టు. ధమ్మం తెలిసినవాడికి మొదటిది తగులుతుంది, రెండోది తగలదు.

కొడుకు ఆదివారం ఫోన్ చెయ్యలేదు. ఇది మొదటి బాణం, చిన్నదే. "ఎంత కష్టపడి చదివించాను, ఇప్పుడు మేం గుర్తుంటామా, కోడలు మార్చేసింది" అని రాత్రంతా అనుకోవడం రెండో బాణం. అది కొడుకు వెయ్యలేదు. పొద్దున్నే మీరే ఫోన్ చేసి "బాగున్నావా నాయనా" అనండి. వాడికి జ్వరమేమో!

మోకాలి నొప్పి మొదటి బాణం. డాక్టర్ దగ్గరకు వెళ్ళకుండా తాయెత్తు కట్టించుకోవడం, గ్రహదోషమని భయపడడం రెండోది. మాత్ర టైముకు వేసుకోండి. మంత్రం వేయించుకోవద్దు.

భగ్గ దేశంలో నకులపిత, నకులమాత అనే వృద్ధ దంపతులు ఉండేవారు. ఒకసారి నకులపితకు జబ్బు చేసి చావు దగ్గరకొచ్చింది. నకులమాత ఆయన పక్కన కూర్చుని ధైర్యం చెప్పింది. దిగులుతో పోవద్దు, నాకు పత్తి వడకడం వచ్చు, ఉన్ని దువ్వడం వచ్చు, పిల్లల్ని సాకగలను, ఇల్లు నడపగలను అంది. ఆయన కోలుకున్నాడు. కర్ర ఊతంతో బుద్ధుడి దగ్గరకు వస్తే, ఇలాంటి ఇల్లాలు ఉండడం నీ భాగ్యం అన్నాడు. ఇంకోసారి అదే నకులపితకు, ఒంటికి రోగం వచ్చినా మనసుకు రానివ్వకుండా చూసుకోమని చెప్పాడు.

నకులమాతకు ఆ ధైర్యం ఎక్కడిది? చేతిలో పని ఉంది, ఇంటి లెక్క తెలుసు. మీ ఇల్లాలికి మీ లెక్క తెలుసా? పీపీవో నంబరు ఎక్కడుందో, ఫ్యామిలీ పెన్షన్‌కు ఎవరికి దరఖాస్తు పెట్టాలో, బ్యాంకు ఖాతా ఇద్దరి పేరా ఒక్కరి పేరా, ఆధార్‌లో పేరూ సర్వీసు పుస్తకంలో పేరూ ఒకటేనా? భర్త పోయాక ఒక్క అక్షరం తేడాతో నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగే ఆడవాళ్ళు మన వాడల్లో ఉన్నారు. ఇది అశుభం మాట కాదు, అనిత్యం. అనిత్యం తెలిసినవాడు కాగితాలు సర్దిపెట్టుకుంటాడు.

ఈ నెల ఆచరణ

ఒకటి: పెన్షన్ కాగితాలన్నీ ఒక సంచిలో పెట్టి, ఇల్లాలితో కూర్చుని ఒక్కొక్కటీ చదివి చెప్పండి.
రెండు: రోజూ ఒక ఇంటి పని పూర్తిగా మీదిగా తీసుకోండి. సాయం చేస్తున్నానని చాటుకోవద్దు.
మూడు: వారంలో రెండు గంటలు వాడలోని పిల్లల చదువుకు ఇవ్వండి.
నాలుగు: రాత్రి పడుకునేముందు ఆ రోజు వేసుకున్న రెండో బాణం ఏదో గుర్తు చేసుకోండి.

విహారంలో చర్చకు ప్రశ్నలు

1. మీ ఇంట్లో పని నుంచి ఇంకా రిటైర్ కానివాళ్ళు ఎవరు? వాళ్ళ పనిలో ఏది తగ్గించగలరు?
2. నాలుగు సుఖాల్లో మీకు బాగా దక్కింది ఏది? దక్కనిది ఏది? ఎందుకు?
3. పక్కింటివాళ్ళ కోసం చేసిన ఖర్చు ఏదైనా మీ ఇంట్లో ఉందా?

మూడో ప్రశ్నకు మగవాళ్ళు, మొదటి ప్రశ్నకు ఆడవాళ్ళు ముందు మాట్లాడాలి. ఆడవాళ్ళు మాట్లాడుతున్నప్పుడు మగవాళ్ళు మధ్యలో రాకూడదు. అప్పటికే టీ పెట్టే పని ఎవరిదో తేల్చుకుని కూర్చోండి.

నమో బుద్ధాయ. జై భీమ్.